బోణీ బేరం

"ఎంత?" అన్నాను. అంతే, ఒక్క మాట. కాఫీ కొట్లో భూముల బేరగాళ్ళ బల్ల చుట్టూ ఉన్న చప్పుడంతా ఆగిపోయింది. నాలుగో బాబాయ్, ఇక్కడ అందర్నీ ఇంట్లో పుట్టిన వరసతోనే పిలుస్తారు, చదరంగం బిళ్ళ పట్టుకున్న చేతిని గాల్లోనే ఉంచేశాడు. బ్రోకరు లోక్ ఫోన్లోంచి తలెత్తి నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు, వచ్చినప్పట్నించీ వాడి పక్క పీట మీదే కూర్చుని ఉన్నాను, అయినా సరే. "అక్కా! పాడ్యమి పూట, తెల్లారగట్టే, మొట్టమొదటి మాట నీ నోటే వచ్చింది! బోణీ నీదే. ధర ఆవిడ నోటే విందువుగాని, ఉండు, స్థలం గలావిణ్ణి ఇక్కడికే తీసుకొచ్చేస్తా, గంటలో ఉంటా" అని బండెక్కి, స్టాండు తియ్యడం కూడా మర్చిపోయి ఒక గజం దూరం గీరుకుంటూ పోయి, ఎర్రదుమ్ము లేపుకుంటూ రబ్బరు తోటల వైపు వెళ్ళిపోయాడు. ఆగు అనాలి. ఆగవయ్యా, ఊరికే అడిగాను, కొనడానిక్కాదు అనాలి. నేనేం చేశాను, నవ్వాను. నా కొట్లోకి ఎవరొచ్చినా ముందు నవ్వడం అలవాటైపోయిన దరిద్రపు మొహం నాది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది, పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆయన ఖోవా కూడా ఫోన్లో అదే చెప్పాడు, కూర్చో, విను, కాఫీ తాగు, నోరు మాత్రం తెరవకు, నెల్లాళ్ళు పోయాక చూద్దాం అన్నాడు. నెల్లాళ్ళా, కాఫీలో ఐసు కరిగేదాకా కూడా ఆగలేకపోయాను.

గంట. నా కొట్లో గంటంటే ఒక తల. పడుకోబెట్టి, మెడ కింద తువ్వాలు సర్ది, శీకాయలాంటి కాయలు మరగబెట్టిన గోరువెచ్చని నీళ్ళు పోసి, వేళ్ళ కొసలతో చెవుల వెనక నుంచి నడినెత్తి దాకా రుద్దుకుంటూ వస్తే ఎంత పెద్ద మనిషైనా కళ్ళు మూసుకుని నోరు తెరుస్తారు. అలా తెరిచిన నోళ్ళన్నిట్లోంచీ నేను విన్నది ఒకటే, భూమి. ఫలానా తోట పక్కనించి రోడ్డు వస్తుందట, ఫలానా ఆవిడ ముక్క కొని ఆర్నెల్లలో అమ్మేసిందట, ఫలానా వాడికి రాత్రికి రాత్రి మేడ లేచిందట. నురగ కడిగేస్తూ నేను ఊఁ కొట్టేదాన్ని. ఆ నురగా వాళ్ళదే, ఆ భూమీ వాళ్ళదే, నేను నిలబడ్డ గచ్చు కూడా నాది కాదు. ఇప్పటికి మూడు అద్దె కొట్లు మారాను. ప్రతిసారీ అదే తంతు, నాలుగు తలలు అలవాటయ్యేసరికి ఇంటాయన వచ్చి గుమ్మంలో నిలబడి, మా అమ్మాయికి నూడుల్సు కొట్టు పెట్టిస్తున్నాం థామ్, ఏమీ అనుకోకు అంటాడు. ఏమనుకోను. తల కడిగే ఆ పొడుగు కుర్చీని ఖోవా లారీ మీద వేసి తాళ్ళు కట్టి, దాని తొట్టి పగలకుండా దాన్ని కావలించుకుని కూర్చుని వీధులు దాటుతుంటే అందరూ చూస్తారు. ఈ కొత్త సంవత్సరం టెట్ పండగ వెళ్ళాక ఇప్పుడున్న కొట్టూ ఖాళీ చెయ్యాలి. అందుకే వచ్చాను ఇక్కడికి. మేడలక్కర్లేదు. ఆ కుర్చీని ఇంకెప్పుడూ కదపక్కర్లేకుండా దించుకునే చోటు కావాలి, అంతే.

అంతే అనుకున్నాను గానీ చూడు ఎక్కడ ఇరుక్కున్నానో. బోణీ అంటే ఇక్కడ నవ్వులాట కాదు. ఈ లాంగ్ ఖాన్ కూడలిలో మిరపకాయలమ్మే ఆవిడ దగ్గర్నించి భూములమ్మే వాళ్ళ దాకా అందరికీ అదే లెక్క. పొద్దున్నే మొదట ధర అడిగినవాళ్ళు కొనాలి. కొనకుండా వెళ్ళిపోతే ఆ రోజు బేరాలన్నీ వాళ్ళ వెనకే వెళ్ళిపోతాయి. అందులోనూ పాడ్యమి అయితే రోజుతో పోదు, నెలంతా పోతుంది. అలాంటి మనిషిని బరువు మనిషి అంటారు. ఒళ్ళు బరువు కాదు, ప్రాణం బరువు, అడుగు పెట్టిన చోట కలిసిరానివ్వని బరువు. చేపల బజార్లో ఒకసారి చూశాను, ఒక ఆవిడ పెద్ద చేప మొప్పలు ఎత్తి చూసి, ధర అడిగి, పెదవి విరిచి పోయింది. చేపలావిడ కత్తి పక్కన పెట్టి, పాత పేపరొకటి చుట్టి అంటించి, తట్టల మీదుగా ఆ మంట అటూ ఇటూ తిప్పి, ఆవిడ పోయిన దారిలో పారేసింది. ఆ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఆ మొహం నాకు గుర్తుంది. ఆ తర్వాత ఏ బజారుకెళ్ళినా ఆవిడ పొద్దెక్కాకే కనబడేది, మొదట కొనే ధైర్యం పోయి కాబోలు. నేనూ నవ్వాను అప్పుడు, అందరితో పాటు.

ఇక్కడ ఈ వేసవి నుంచీ ఒక్క ముక్క అమ్ముడుపోలేదట. బాంకులు అప్పులు బిగించాయి, కొనేవాళ్ళు సైగోన్ నుంచి రావడం మానేశారు, అందుకే ఈ బల్ల వాళ్ళందరూ దేవుళ్ళ వెంట పడ్డారు. గుమ్మం పక్కన నేల మీద పొట్టేసుకుని నవ్వుతూ కూర్చున్న భూమి దేవుడికి ఇవాళ అరటిపళ్ళు పెట్టారు, చక్కెర లేని ఐసు కాఫీ పెట్టారు, సిగరెట్టు వెలిగించి నోటి ముందు నిలబెట్టారు. ఆ సిగరెట్టు నన్ను చూస్తూ కాలుతోంది. నాలుగో బాబాయ్ ఇంకా బిళ్ళ దించలేదు, ఆ, దించాడు. ఆయన ఒకప్పుడు రబ్బరు తోటలో మేస్త్రీ అట, ఈ చుట్టుపక్కల ఏ తోట అమ్మినా కొన్నా ఆయన చెవిన పడకుండా జరగదట. నేను రాగానే నా వైపు చూడకుండానే "కూర్చో" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఎంత సంతోషమయిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. పెళ్ళిలో పెద్దవాళ్ళ బంతిలో కూర్చోబెట్టినట్టు పొంగిపోయాను. ఇప్పుడు ఆ పీటే కాలుతోంది. లేవలేను, ఉండలేను, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఏదో బండి చప్పుడు. లోక్ కాదు, ఐసు బండి.

నా రెండో పక్కన కూర్చున్న ఆరో అక్క నా వైపు చూడ్డం లేదు. గ్లాసులో పుల్లతో ఐసు తిప్పుతోంది, తిప్పుతూనే ఉంది. ఆరో అక్క తల నాకు నా అరచెయ్యంత బాగా తెలుసు. నడినెత్తిన కుట్ల మచ్చ, చిన్నప్పుడు జీడిమామిడి చెట్టు మీంచి పడింది. ఎడమ చెవి వెనక రంగు అంటని తెల్ల వెంట్రుకల పాయ. శనివారం శనివారం వచ్చేది, డబ్బులు ఎప్పుడూ చిల్లర అడక్కుండా ఇచ్చేది, మా ఆయన లారీ బోల్తాపడ్డప్పుడు సూపు వండి తెచ్చింది. ఆవిడే అంది ఒక శనివారం, కళ్ళు మూసుకుని, "భూమి కొనేవాళ్ళు ఆఫీసుల్లో ఉండరే థామ్, కాఫీ బల్లల దగ్గరుంటారు. ముందు మనుషుల్ని పట్టుకోవాలి, తర్వాత మట్టి. నాతో రా, నలుగురికీ చూపిస్తా నిన్ను." చూపిస్తా అంది. ఎన్ని రాత్రులు ఆ మాట పట్టుకుని నిద్రపోయానో. ఏ బట్టలు కట్టుకోవాలి, ముందుగా ఎవరికి దణ్ణం పెట్టాలి, కాఫీ డబ్బులు నేనివ్వాలా వద్దా, అన్నీ అడిగాను. అన్నీ చెప్పింది. ఖాళీ చేతుల్తో మాత్రం రాకు, చేతిలో ఏదో ఒకటి ఉంచుకో, ఒట్టి చేతుల మనిషిని బల్ల గుర్తుపట్టేస్తుంది అంది. అందుకని తెచ్చాను, జాకెట్టు లోపల చిన్న గుడ్డ సంచి, దానికి పిన్నీసు. సంచిలో మా పెళ్ళయినప్పట్నుంచీ కొనుక్కున్న సాదా బంగారు ఉంగరాలు, ఏ చెక్కడమూ లేనివి, ఖోవా ఒక ట్రిప్పు బాగా జరిగినప్పుడల్లా ఒకటి. ఆ పిన్నీసు ఇప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

"ఖోవా పెళ్ళానివి కదూ నువ్వు?" నాలుగో బాబాయ్ అడిగాడు, బల్ల మీంచి కళ్ళెత్తకుండానే.

"అవును బాబాయ్."

"లారీ సొంతమేనా?"

"కాదు బాబాయ్. తోలేది మాత్రమే ఆయన."

"ఊఁ" అని ఎదుటివాడి ఏనుగు బిళ్ళ లాగేసుకున్నాడు. ఆ ఊఁలో ఏముందో నాకు తెలీదు. తూకం వేస్తున్నాడా, జాలిపడుతున్నాడా. సొంతం కాదని ఎందుకు చెప్పాను, సొంతమే అంటే ఏం పోయేది, కానీ సొంతమే అంటే బయానా ఇంకా పెద్దది అడుగుతారేమో, బయానా, అవును, ఆ మాట ఇంకా ఎవరూ అనలేదు గానీ వస్తుంది. లోక్ దాంతోటే వస్తాడు. చేతిలో ఉన్నది పెట్టక్కా, మిగతాది నెలకి, అంటాడు. నెల దాటితే బయానా పోయినట్టే, అది నాకూ తెలుసు, ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. మిగతాది ఎక్కడ్నించి తేను. ఖోవా ఇప్పుడు సరిహద్దు దగ్గర దురియన్ పళ్ళు దింపడానికి వరసలో ఉంటాడు, ఆ వాసనలో కూర్చుని ఫోను చేస్తాడు, ఏమైందే అంటాడు. ఏమైందని చెప్పను. ఏమీ కాలేదు, పాడ్యమి పూట బోణీ చేశాను అనా.

పోనీ కొనేస్తే. నిజంగా కొనేస్తే ఏమవుతుంది. రబ్బరు తోటల వెనకాల అన్నాడు లోక్, రోడ్డు వస్తుందన్నాడు, వెనక పక్క రాంబుటాన్ చెట్లున్నాయన్నాడు. నాకు చెట్లు కనబడుతున్నాయి, ఎర్రటి పళ్ళ గుత్తులు, చెట్టు కింద రేకుల షెడ్డు, షెడ్డులో నా పొడుగు కుర్చీ, తొట్టికి గొట్టం, గొట్టం నుంచి నీళ్ళు నా నేల మీదకే పోతాయి. ఆ చెట్ల కిందకి ఎవరు తల కడిగించుకోవడానికి వస్తారే పిచ్చిదానా, ఊరికి అంత దూరం. వస్తారు, రోడ్డు వస్తుంది కదా. రోడ్డు వస్తుందని ఎవరన్నారు, లోక్ అన్నాడు. లోక్ ఎవరు. ఆ పేరుకర్థం కలిసిరావడం, కలిసొస్తే పేరు, రాకపోతే బ్రోకరు. మరి కొనకపోతే? కొనకపోతే ఆరో అక్క శనివారం రాదు. ఆవిడతో పాటు వచ్చే వాళ్ళ తోడికోడలు రాదు, బాంకులో పనిచేసే పిల్లలు రారు, చర్చి దగ్గర పూలమ్మే ఆవిడ, ప్రతి పాడ్యమికీ తల కడిగించుకుని కానీ కొట్టు తెరవదు, ఆవిడ నా చెయ్యి నెత్తిన పెట్టించుకుంటుందా ఇంక. బరువు మనిషి చేతితో తల కడిగించుకోవడమా, ఆ బరువు నెత్తికెక్కదూ. నేనే అయినా వెళ్ళను. ఉంగరాలు పోతే భూమి రాదు, పేరు పోతే కొట్టు పోతుంది. టీ పోసుకుందామంటే కూజా నాలుగో బాబాయ్ మోచేతి దగ్గరుంది, అది అందుకోవడానికి కూడా చెయ్యి రావడం లేదు. సిగరెట్టు సగం దాటింది. బూడిద అలాగే నిలబడి ఉంది, రాలడం లేదు. కాఫీ కొట్టు నడిపే ఆవిడ వచ్చి నా గ్లాసు తీసుకుపోతూ నన్ను చూసింది, ఆ చూపులో కూడా ఏదో ఉంది, ఇలాంటివి చాలా చూశానన్నట్టు.

ఇలాంటివి. చాలా. ఎక్కడో ఏదో కదిలింది లోపల. మోకాలు. అవును, మోకాలు. నేను అడగడానికి ముందు బల్ల కింద ఆరో అక్క మోకాలు నా మోకాలికి తగిలింది. తగలడం కాదు, నొక్కింది. నొక్కి, గ్లాసు నోటికడ్డం పెట్టుకుని, "ఏదో ఒకటి అడగవే, మూగదనుకుంటారు" అంది. అప్పుడు అడిగాను. నా అంతట నేను కాదు. ఏమీ తెలియనిదాన్ని, కొత్తదాన్ని, నోరు తెరిస్తే నాకొచ్చే ప్రశ్న ఏముంటుంది. పట్టా ఎవరి పేరున ఉంది అని అడుగుతానా, నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడతాయి అని అడుగుతానా, ఎంత అనే కదా అడుగుతాను. కూరల బజారుకి వెళ్ళే ఆడది ఇంకేం అడుగుతుంది. అది ఆవిడకి తెలీదా. నా కంటే బాగా తెలుసు. పాడ్యమి అని తెలుసు, ఇంకా ఎవరూ ధర ఎత్తలేదని తెలుసు, జాకెట్టు లోపల సంచి ఉందని కూడా ఆవిడకే తెలుసు, ఖాళీ చేతుల్తో రావద్దన్నది ఆవిడే. ఛ. ఛ, అలా అనుకోకూడదు. సూపు తెచ్చిన మనిషి. గిన్నె తుడిచి తిరిగిస్తుంటే వద్దు ఉంచుకోమన్న మనిషి. కానీ ఆ మోకాలు. అంత గట్టిగా. ఇన్ని రోజులు అమ్ముడుపోని బల్లకి కొత్త మొహాన్ని ఎవరైనా ఎందుకు రమ్మంటారు, తన వాటా పంచి పెట్టడానికా. నేను వీళ్ళలో ఒకదాన్నవుదామని వచ్చాను. వీళ్ళకి నేను మనిషిని కాను, బోణీని. కోపం కాదు, సిగ్గేసింది. ఎంత ముస్తాబయ్యాను పొద్దున, గోళ్ళకి రంగు కూడా వేసుకున్నాను.

"అక్కా" అన్నాను మెల్లగా, "నువ్వు అడగమంటేనే కదా అడిగాను."

పుల్ల తిప్పడం ఆపింది. "నేనేమన్నానే? నీకేమైనా పిచ్చా?" అంది నవ్వుతూ. "మంచి బేరమే, భయపడకు. మొదటిసారి అందరికీ కాళ్ళు వణుకుతాయి" అంటూ నా రొమ్ము మీద చేత్తో తట్టింది, ఓదార్పుగా, సరిగ్గా పిన్నీసు ఉన్న చోట. ఇన్నేళ్ళుగా నా చేతుల్లో తల పెట్టిన మనిషి, నా ఒంటి మీద చెయ్యి వేసింది ఇదే మొదటిసారి. దాంతో నాకు సందేహం తీరిపోయింది. ఏడుపు రాలేదు. చల్లటి నీళ్ళు నెత్తిన పోసినట్టు అన్నీ తేటగా కనబడ్డాయి, బల్ల అంచుకి అంటుకున్న చీమలు, నాలుగో బాబాయ్ గోటి కింద ఎర్రమట్టి. ఈయనకీ తెలుసా. తెలుసు. అందుకే లారీ సంగతి అడిగాడు. తెలిసీ కూర్చో అన్నాడు.

లేచి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడే, లోక్ రాకముందే. ఆ తలుపు దాకా నడిస్తే చాలు. కానీ కాళ్ళు లేవడం లేదు, ఎందుకు లేవడం లేదంటే ఇంకా లోపల ఎక్కడో ఒక వెర్రి ఆశ కూర్చుని ఉంది, స్థలం నిజంగానే మంచిదేమో, వీళ్ళు ఎలాంటివాళ్ళయితేనేం, చెట్లు చెట్లే కదా, మట్టి మట్టే కదా. మట్టికి మోసం తెలీదు. ఈ గంటసేపట్లో నేను ధర గురించి ఎన్ని వంకల ఆలోచించానో, ఉంగరాల గురించి, పేరు గురించి, పూలావిడ గురించి, ఒక్కసారైనా ఆ నేల ఎలా ఉంటుందో అడగాలనుకున్నానా. ఎటు వాలి ఉందో, వానొస్తే నీళ్ళు నిలబడతాయా, బండి వెళ్ళే దారుందా. లేదు. ఇదిగో బండి. ఈసారి లోకే. వెనకాల ఒక ముసలావిడ, ఇస్త్రీ చేసిన వంగపండు రంగు జుబ్బా, నెత్తిన గళ్ళ తుండు, ఆవిడ తన బండి మీద తనే వచ్చింది, లోక్ కంటే ముందు బ్రేకేసింది.

"తొమ్మిదో మామ్మా, ఇదిగో ఈ అక్కే" అన్నాడు లోక్ ఆయాసపడుతూ. "పాడ్యమి బోణీ! ఇవాళ మనందరికీ మంచి రోజు."

మామ్మ నన్ను చూసింది, తర్వాత నేను కూర్చున్న పీటని చూసింది. అప్పుడు నవ్వింది. నోటినిండా కొత్త పళ్ళు, మెరిసిపోతున్నాయి.

"మళ్ళీ ఈ పీటేనా?" అంది. "పోయిన నెల కూడా ఇక్కడే కూర్చోబెట్టారు, పాపం ఎవరో పంతులుగారు. మర్యాద పోతుందని బయానా ఇచ్చాడు, నెల దాటినా మళ్ళీ కనబడలా. వీళ్ళ వాటా వీళ్ళు తీసుకుని నా వాటా నాకిచ్చారు. ఇవిగో" అని వేలితో పళ్ళ మీద టకటకమని కొట్టి చూపించింది. "అబద్ధమెందుకు అమ్మాయ్, నీ బయానాతో వంటింటి రేకులు మార్పిద్దామనుకుంటూ వచ్చాను."

"మామ్మా, ఏం మాటలవి!" లోక్ గొంతు చిన్నదైపోయింది. ఆరో అక్క భూమి దేవుడి వైపు చూస్తోంది. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దాంతో పాటే నవ్వూ వచ్చింది, ఆ పళ్ళు చూసి. గంటసేపట్లో నాతో ఉన్నదున్నట్టు మాట్లాడిన మనిషి ఈవిడొక్కతే, నా ఉంగరాలతో రేకులు మార్పించుకుందామని వచ్చిన మనిషి. పిన్నీసు గుచ్చుకుంటోంది. ఏదో ఒకటి చెప్పాలి. క్షమించండి అనబోయాను, అలవాటు ప్రకారం నవ్వబోయాను, నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"మామ్మా, నేల చూడకుండా నేను పిన్నీసు తియ్యను. చూపిస్తావా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "చూస్తావా?" అంది. నమ్మలేనట్టుగా అంది. "ఇన్నాళ్ళ నుంచీ వీడు ఎందరినో తెచ్చాడు, ఒక్కరూ చూస్తామనలేదే. ధర అడుగుతారు, మొహాలు చూసుకుంటారు, పోతారు. ఆ చెట్లు నా చేత్తో నాటినవి. ఒక్కరూ చూడలేదు."

"అక్కా, ముందు ఇక్కడ కాస్త ఏదో ఒకటి పెట్టి వెళ్ళు, శాస్త్రానికి" అన్నాడు లోక్. "బోణీ కదా. చిన్నది, ఒక్క ఉంగరమైనా." ఉంగరం అన్నాడు. ఉంగరాలున్నాయని నేను వాడికెప్పుడు చెప్పాను. ఆరో అక్క వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు దించుకుంది. ఏమీ అడగలేదు నేను, అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తుంది ఆవిడకి. లేచాను. నా కాఫీకి నేను డబ్బులు పెట్టాను. నాలుగో బాబాయ్ కి దణ్ణం పెట్టాను, పెద్దవాడు కదా. ఆయన తల ఊపలేదు. మామ్మ బండి తిప్పి ఆగింది, ఎక్కు అంది.

ఎక్కి కూర్చున్నాక వెనక నుంచి లైటర్ టిక్కుమన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడకూడదనుకున్నాను, చూశాను. పేపరు చుట్టింది లోక్ కాదు. ఆరో అక్క. నాలుగో బాబాయ్ లైటర్ అందిస్తే, నేను కూర్చున్న పీట చుట్టూ మంట తిప్పుతోంది, ముడిలోంచి ఊడిన ఆ తెల్ల పాయ మొహం మీద పడుతుంటే భుజంతో తోసుకుంటూ, ఇంట్లో వంట చేసుకున్నంత తీరిగ్గా. ఇంక శనివారాలు లేవు. రేపటికి బజారంతా పాకుతుంది. పూలావిడ రాదు. టెట్ తర్వాత కుర్చీ ఎక్కడ దించుతానో నాకు తెలీదు. మామ్మ అద్దంలో అంతా చూసింది.

"తగలెట్టనీ" అంది. "దోమలన్నా పోతాయి."

బండి కదిలింది. రోడ్డు దిగగానే ఎర్రమట్టి గుంటలు, ఎగిరెగిరి పడుతున్నాం, ఆవిడ నడుం పట్టుకున్నాను. గట్టి నడుం. రబ్బరు చెట్ల మధ్య నీడలు వచ్చి వచ్చి పోతున్నాయి. నేను రోడ్డు చూస్తున్నాను, మొదటిసారి నిజంగా చూస్తున్నాను, ఎంత వెడల్పుందో, వానాకాలం లారీ దిగబడుతుందా, తల కడిగించుకోవడానికి ఒక ఆడది ఇంత దూరం ఎందుకొస్తుంది. రాదు అనిపిస్తోంది. అనిపించడం నిజమేనేమో. అయినా చూస్తున్నాను. ఒక మలుపు దగ్గర మామ్మ వేగం తగ్గించి, తల వెనక్కి తిప్పకుండానే గట్టిగా అంది:

"కొనకపోతే కొనకపో. ఆశ పెట్టుకోను. కానీ నా నేల బాగోలేదంటే నా మొహం మీదే చెప్పాలి, ఆ చెట్ల కిందే నిలబడి చెప్పాలి. వెనకాల చెప్పకూడదు. సరేనా?"

"సరే మామ్మా" అన్నాను. "నువ్వూ అంతే. నాకు అమ్మదగ్గ నేల కాదనిపిస్తే అక్కడే చెప్పెయ్యి."

ఆవిడ ఎడమ చెయ్యి హాండిలు మీంచి తీసి వెనక్కి చాచింది. పట్టుకున్నాను. చేతిలో చెయ్యి వేసి ఒక్కసారి ఊపి మళ్ళీ హాండిలు అందుకుంది. భూమి వ్యాపారంలో నేను కుదుర్చుకున్న మొదటి బేరం అది.